పసివాడు తడిపిన జానిమాజ్‌ని (నమాజ్ చేసుకునే చాపని) వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?

బెజవాడ కోడలు:
అందరికీ సలాం. నాలుగు రోజులుగా మా ఇంట్లో ఒకటే వాదన. ఏడు నెలల మా బాబు పాకుతూ వచ్చి, మడత పెట్టడానికి పరిచి ఉంచిన రెండు జానిమాజ్‌లనూ తడిపేశాడు. ఒకటి లోపల నురుగు పొర ఉన్న వెల్వెట్‌ది, ఉమ్రాకి (మక్కా యాత్రకి) వెళ్లొచ్చిన బంధువులు ఇచ్చారు. రెండోది ఉన్నిది. మామయ్యగారు బతికుండగా ఏలూరులో కొన్నారు, అత్తమ్మకి అదంటే ప్రాణం. రెండూ మెషిన్‌లో వేద్దామని నేనన్నాను. "అందరి బట్టలూ ఉతికే డబ్బాలో సజ్దా చేసే (నుదురు ఆనించి మొక్కే) గుడ్డ వేస్తావా? పాక్ (శుద్ధి) అవదు" అని అత్తమ్మ. ఎండలో పడేస్తే చాలని మా ఆడపడుచు. ఎవరి మాట సరైనది?

గుంటూరు నానమ్మ:
మీ అత్తమ్మ మాటే సరైనదమ్మా. లోదుస్తులు, కాళ్లు తుడిచే పట్టాలు తిరిగే డబ్బా అది. నా పెళ్లినాటి జానిమాజ్‌ని ఇప్పటికీ బకెట్ నీళ్లలో చేత్తోనే జాడిస్తాను. అదబ్ (మర్యాద) అనేది ఒకటుంటుంది.

మదరసాలో చదివినవాణ్ణి:
నానమ్మగారూ, అదబ్ మాట నేను కాదనను. కానీ ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి. మురికి వేరు, నాపాక్ (నమాజ్‌కి పనికిరాని అశుద్ధి) వేరు. ప్రవక్త సహచరుడు అనస్ రజియల్లాహు అన్హు ఇంటికి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం భోజనానికి వచ్చినప్పుడు, వాడి వాడి నల్లబడిన చాప మీద కాసిని నీళ్లు చల్లి పరిచారు. ప్రవక్త దాని మీదే నిలబడి నమాజ్ చేయించారు. ఇది సహీహ్ బుఖారీ అనే హదీసు గ్రంథంలో ఉంది. కాబట్టి వుజూ (నమాజ్‌కి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసిన తడికాళ్లతో పసుపెక్కినా, నుదుటి నూనె అంటినా జానిమాజ్ నాపాక్ అయిపోదు. అది మురికి మాత్రమే, తీరికగా ఉతుక్కోవచ్చు. మూత్రం అలా కాదు, దాన్ని నీళ్లతో పోగొట్టాల్సిందే.

ఎండ సంగతి. మన హనఫీ పద్ధతిలో (ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) నేల ఎండిపోయి జాడ, వాసన పోతే ఆ నేల పాక్. ఆ నియమం నేలకే. చాపకీ తివాచీకీ వర్తించదు. మీ ఆడపడుచు దీన్ని చూసే పొరపడి ఉంటారు.

మెషిన్ సంగతి. సబ్బునీళ్లు పోయాక కొత్త నీళ్లు వచ్చి, తిప్పి పిండి, మళ్లీ కొత్త నీళ్లు వస్తే చేత్తో మూడుసార్లు జాడించి పిండినట్టే. ముందుగా తడిసిన చోటుని పంపు కింద పెట్టి మూత్రం పోయేదాకా ధారగా కడిగితే, తర్వాత మెషిన్ గురించి వాదనే ఉండదు.

బార్కస్ బిడ్డ:
మేం షాఫయీలం, అది ఇంకో సంప్రదాయం. పాలు తప్ప వేరే ఆహారం తినని మగబిడ్డ అయితే, తడిసిన మేరకు నీళ్లు చల్లితే చాలు మాకు. మీ బాబుకి ఉగ్గు మొదలుపెట్టారా?

బెజవాడ కోడలు:
పెట్టామన్నా, నెల దాటింది.

బార్కస్ బిడ్డ:
అయితే మా దగ్గరా కడగాల్సిందే.

ఏలూరు తివాచీ ఇల్లు:
పాక్ సంగతి పెద్దలు చెప్పారు. నేను ఉన్ని గురించి చెప్తాను, మా ఇంట్లో మూడు తరాలు మగ్గం మీద బతికాయి. అక్కా, దయచేసి ఆ ఉన్నిదాన్ని మెషిన్‌లో వేయొద్దు. ఉన్నిపోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి, రాపిడి, ఘాటు సోడా కలిస్తే అవి ఒకదానికొకటి పెనవేసుకుని తివాచీ అట్టకట్టి కుంచించుకుపోతుంది. మళ్లీ విడదీయడం ఎవరి వల్లా కాదు. మామయ్యగారి గుర్తు అంటున్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

ముందు తడి గుడ్డని ఎర్రరంగు మీద అదిమి చూడండి, రంగు అంటుతుందేమో. అంటకపోతే మేడ మీద పరిచి చల్లనీళ్లు పోయండి. కుంకుడు రసం పల్చగా కలిపి మెత్తని బ్రష్‌తో నూగు వాలిన వైపుకే తోయండి. వంటసోడా వద్దు, ఉన్నికి పడదు. నీళ్లు పోయడం, వాలుగా పెట్టి కారనివ్వడం, చుక్క ఆగాక మళ్లీ పోయడం. అస్సలు మెలిపెట్టి పిండకండి. చివరికి పొడి తువ్వాలులో చుట్టి అదమండి. నులక మంచం మీద నీడలో ఆరేస్తే కిందనుంచి కూడా గాలి ఆడుతుంది. తాడు మీద వేస్తే బరువుకి సాగి వంకర పోతుంది.

మదరసాలో చదివినవాణ్ణి:
మీరు చెప్పిన పద్ధతి చూసి ఆనందం వేసింది భాయ్. పిండటానికి వీలుకాని వస్తువుకి ఫిఖ్‌లో (ధర్మశాస్త్రంలో) చెప్పిందీ ఇదే. కడగాలి, చుక్క ఆగేదాకా వదలాలి, ఇలా మూడుసార్లు. తివాచీకి ఏది క్షేమమో అదే దాన్ని పాక్ చేసే దారి కూడా అయింది.

ఓరుగల్లు జంపఖానా:
వెల్వెట్‌ది మెషిన్‌లో ఒక్కదాన్నే వేయండి, చల్లనీళ్లు, తక్కువ వేగం. కుచ్చులు ముడిపడకుండా మొత్తాన్ని దిండు గలీబులో పెట్టి మూతి కట్టండి. అసలు చిక్కు ఆ నురుగు. వానాకాలంలో రెండు రోజులైనా లోపల ఆరదు, ముక్కవాసన పట్టేస్తుంది. తిరగేసి ఆరబెట్టండి, రంగూ వెలవదు. ఇస్త్రీ మాత్రం పెట్టొద్దు, నూగు కరిగి అంటుకుపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో నూలు జంపఖానాయే మేలని నా ఉద్దేశం. మా వరంగల్ వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూగు లేదు, నురుగు లేదు, ఉతికి పిండి ఆరేస్తే సాయంత్రానికి వేసుకోవచ్చు.

గుంటూరు నానమ్మ:
అంతా చదివాను. పాక్ అవుతుందన్న మాట ఒప్పుకుంటున్నాను. నా జానిమాజ్‌ని మాత్రం డబ్బాలో వేయను. నా మనసు ఒప్పదు.

బెజవాడ కోడలు:
నానమ్మగారూ, మా అత్తమ్మదీ సరిగ్గా మీ మాటే. వెల్వెట్‌దాన్ని ముందు పంపు కింద కడిగి మెషిన్‌లో ఒక్కదాన్నే వేశాను. పిండాక తీసి చూసుకుని సరేనన్నారు. ఉన్నిదాన్ని మేడ మీద ఇద్దరం కలిసి కడిగాం. మూడోసారి నీళ్లు నన్ను పోయనివ్వలేదు, చెంబు తీసుకుని ఆవిడే పోశారు. ఇప్పుడు నులక మంచం మీద ఉంది. అడుగువైపు ఇంకా చెమ్మగానే ఉంది, రేపు ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజ్‌కి) పాత చాపే పరుచుకుంటామన్నారు.