చర్చ: విమానాల, కార్ఖానాల జట్టు పద్ధతులు మన ఆపరేషన్ థియేటర్లకు పనికివస్తాయా?

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక ఐటీ ఉద్యోగి:

మా నాన్నగారి మోకాలి ఆపరేషన్ కోసం బెంగళూరులోని ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రాత్రి డ్యూటీ సిస్టర్ ఉదయం వచ్చిన సిస్టర్‌కు రోగులను అప్పగించే తీరును దగ్గరగా గమనించాను. ఒకపక్క ఫోన్లు మోగుతూ, మరోపక్క బంధువులు బిల్లుల గురించి అడుగుతూ ఉండగా, రక్తం పలుచబరిచే మాత్ర ఆపాలన్న సూచన ఆ గందరగోళంలో జారిపోయింది. మా అమ్మ అడగబట్టి బయటపడింది. విమానయానం, కార్ల తయారీ వంటి రంగాలు ఇటువంటి పొరపాట్లకు జట్టు పద్ధతులతో అడ్డుకట్ట వేశాయి కదా, వాటిని ఆసుపత్రులు ఉన్నవి ఉన్నట్టుగా తీసుకుంటే నష్టమేమిటి?

జయనగర్ నుంచి ఒక మత్తు వైద్యుడు:

ఉన్నవి ఉన్నట్టుగా తీసుకోవడంలోనే నష్టముంది. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయిన ఘటనలో, ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చినా కెప్టెన్ దాన్ని పట్టించుకోలేదు. అటువంటి ప్రమాదాల తర్వాతే, కింది ఉద్యోగి నోరు విప్పేలా, పై అధికారి వినేలా తర్ఫీదు ఇవ్వడం 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల సర్జరీ చెక్‌లిస్ట్ ఆ ఆలోచనకు దగ్గరి చుట్టమే. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అయితే కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రులు చెక్‌లిస్టులు అమలు చేశాక, 2014లో వెలువడిన ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పైగా సిబ్బంది అలసిపోతే విమానాన్ని ఆపవచ్చు గాని, రక్తం కారుతున్న రోగిని రేపు రమ్మనలేం. రాత్రంతా మేల్కొన్న జూనియర్ డాక్టరు మర్నాడు ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో నిలబడే పరిస్థితి మారకుండా పైలట్ల పద్ధతులు నేర్పితే ప్రయోజనం చాలా తక్కువ.

మడివాళ నుంచి ఒక ఓటీ స్టాఫ్ నర్సు:

డాక్టరుగారు అలసట గురించి చెప్పినది అక్షరాలా నిజం. అంటారియో ఫలితం విషయంలో మాత్రం, మా థియేటర్లలో రోజూ చూసేదాన్ని బట్టి నాకు ఒకటి అనిపిస్తుంది. చెక్‌లిస్ట్ ప్రకారం కోత పెట్టే ముందు అందరూ చేతిలో పని ఆపి రోగి పేరు, ఆపరేషన్, ఏ వైపు అన్నది పైకి చెప్పుకోవాలి. చాలాచోట్ల సర్జన్ గ్లవ్స్ వేసుకుంటుండగానే సర్క్యులేటింగ్ నర్సు (థియేటర్‌లో తిరుగుతూ కావలసినవి అందించే నర్సు) గడులన్నిటిలో టిక్కులు పెట్టేస్తుంది. ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ తనిఖీకి ఆ కాగితం సరిపోతుంది, కానీ అక్కడ ఎవరూ ఒక్క క్షణమైనా ఆగి ఉండరు.

ఒకసారి పొట్ట మూసే ముందు "మాప్ (రక్తం అద్దే గుడ్డ) ఒకటి తగ్గింది సార్" అని సర్జన్‌తో అన్నాను. "మళ్ళీ లెక్కపెట్టు" అంటూనే ఆయన కుట్లు వేయడం కొనసాగించారు. ఆ మాప్ చివరికి చెత్తబుట్ట అంచున దొరికింది. దొరకకపోతే ఆయన చేతిని ఆపే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు. మన బెంగళూరులో ఇంకో చిక్కు కూడా ఉంది. టెక్నీషియన్ కన్నడిగ, సర్జన్‌కు పరికరాలు అందించే స్క్రబ్ నర్సు మలయాళీ, నేను అనంతపురం దాన్ని, సర్జన్ మాట్లాడేది ఇంగ్లీషు. అభ్యంతరాన్ని మర్యాద తప్పకుండా ఎలా చెప్పాలా అని కొత్తమ్మాయి మాటలు వెతుక్కునేలోపే కోత పడిపోతుంది.

కార్ల కంపెనీ టొయోటాలో లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తయారీ లైను దగ్గరున్న హెచ్చరిక తాడు లాగవచ్చు. లాగితే టీమ్ లీడర్ పరుగున వస్తాడు, చిక్కు తీరకపోతే లైను ఆగుతుంది. సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి ఆ పద్ధతిని తీసుకుంది. అమెరికాలోని మిషిగన్ ఐసీయూలలో డాక్టరు సెంట్రల్ లైన్ (గుండెకు దగ్గరి పెద్ద రక్తనాళంలోకి పంపే గొట్టం) వేసేటప్పుడు అయిదు జాగ్రత్తల్లో ఏదైనా వదిలేస్తే, అత్యవసరం కానప్పుడు నర్సు ఆపించవచ్చని నియమం పెట్టారు. అక్కడ రక్తంలో ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గినట్టు 2006లో ప్రచురితమైంది. మనవాళ్ళు తెచ్చుకున్నది కాగితాన్నే, ఆ అధికారాన్ని తేలేదు.

వైట్‌ఫీల్డ్ నుంచి ఒక ఆసుపత్రి నిర్వాహకుడు:

నర్సులందరికీ ఆపే అధికారమిస్తే రోజుకు ఎన్ని కేసులు వెనకబడతాయో కూడా ఆలోచించాలి. మన బెంగళూరు బొమ్మసంద్రలో నారాయణ హృదయాలయ గుండె ఆపరేషన్లను పెద్దసంఖ్యలో, పని పంచుకుని చేయబట్టే ఖర్చు తగ్గించగలిగింది. అదీ పరిశ్రమల నుంచి నేర్చిన క్రమమే. మొదటి ప్రశ్నకు నా జవాబు: లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వైద్యులు ఫార్ములా వన్ కార్ల పందేల్లో క్షణాల్లో టైర్లు మార్చే పిట్ సిబ్బందిని చూసి, గుండె ఆపరేషన్ అయిన పిల్లలను ఐసీయూకు అప్పగించే పద్ధతిని సరిదిద్దుకున్నారు. ఎవరు ఏ పని చేయాలో ముందే పంచుకోవడం వంటి మార్పులను మనం ఏ ఉత్తర్వూ లేకుండా రేపే మొదలుపెట్టవచ్చు.

ఓటీ స్టాఫ్ నర్సు:

అప్పగింత విషయంలో మీతో ఏకీభవిస్తాను, తప్పక మొదలుపెట్టండి. కేసులు వెనకబడతాయన్నదానికి మాత్రం ఒక్క ప్రశ్న అడుగుతాను: లెక్క తేలేదాకా కుట్లు ఆపించిన నర్సుపై ఎవరూ చర్య తీసుకోరాదని, ఆమె పిలిస్తే ఫలానా అధికారి వెంటనే థియేటర్‌కు రావాలని మీ ఆసుపత్రి లిఖితపూర్వకంగా ఇచ్చిన ఉత్తర్వు ఏదైనా ఉందా?