టీమ్‌లు పనిని బట్టి విడిగా ఉండాలా, అందర్నీ కలిపెయ్యాలా?

నెల్లూరు_దేవ్: అన్నా, మాది నెల్లూర్లో చిన్న కంపెనీ, రొయ్యల రైతులకి రేట్లు చూపించే యాప్ చేస్తా ఉండాం. ఫ్రంటెండ్ (స్క్రీన్ మీద కనపడేది చేసేవాళ్ళు) ఒక టీము, బ్యాకెండ్ (వెనక సర్వర్లో డేటా చూసేవాళ్ళు) ఒక టీము, టెస్టింగ్ ఇంకోటి. మొన్న రేటు స్క్రీన్లో కౌంట్, అదే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, దాని ప్రకారం వరస పెట్టమన్నారు. బ్యాకెండ్ వాళ్ళు కౌంట్‌ని నంబరుగా కాకుండా టెక్స్ట్‌గా పంపించారు, ఫ్రంటెండ్ వాళ్ళు దాన్ని అట్నే సార్ట్ చేశారు, టెక్స్ట్ అయితే మొదటి అంకె చూసి వరస పెడతది కాబట్టి 100 కౌంట్ పొయ్యి 30 కౌంట్ పైన కూర్చుంది. టెస్టింగ్‌కి వచ్చిందాకా ఎవురూ చూడలా, ఆ తర్వాత తప్పు మీదంటే మీదని టికెట్ (ఆ తప్పు రాసిపెట్టిన ఎంట్రీ) అటూ ఇటూ తిరగతానే ఉంది. ఇప్పుడు మేనేజరు ఫీచర్‌కో టీము చేసి అందర్నీ కలిపేస్తానంటున్నాడు. ఏమంటారు?

కావలి_కోడర్: కలపమను, ఇంకా ఆలోచనేంది? ఇద్దరూ పక్కపక్కన కూర్చోనుంటే ఆ సార్టింగ్ అయిదు నిమిషాల పని.

ఒంగోలు_క్యూఏ: తొందరొద్దు సామీ. మా దగ్గర కలిపారు, లాగిన్ కోడు ఏ టీముకా టీము రాసుకున్నారు, ఓటీపీ గడువు ఒకచోట 2 నిమిషాలు ఇంకోచోట 5. కొత్తగా చేరిన పిల్లోడికి తన పని తెలిసిన సీనియర్ టీములో లేడు, వాడు ఎవర్ని అడగాల? ఆపిల్‌నే చూడు, 1997లో స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చి బిజినెస్ యూనిట్ల జనరల్ మేనేజర్లని తీసేసి కంపెనీ అంతా చేసే పనిని బట్టి విడివిడి టీములుగా సర్దాడు.

కావలి_కోడర్: ఆపిల్‌కీ మనకీ పోలికేందన్నా 😄 పాటల యాప్ స్పాటిఫై వాళ్ళు 2012లో చెప్పిన పద్ధతి ఉందిగా, స్క్వాడ్ అనే చిన్న టీములో అన్ని రకాల వాళ్ళూ ఉంటారు, ఒకే పని వాళ్ళంతా చాప్టర్ అని విడిగా కలుస్తారు. పిల్లోడు అక్కడ అడగొచ్చు.

ఒంగోలు_క్యూఏ: రిలీజ్ వారంలో చాప్టర్ మీటింగ్‌కి ఎవుడొస్తాడు, నువ్వొస్తావా?

చీమకుర్తి_సీనియర్: జట్లు ఎట్టా మాట్లాడుకుంటే సిస్టమ్ అట్టానే తయారవుద్దని మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే రాశాడు, మీ కౌంట్ గొడవ అదే. నేనైతే కలపమనే అంటా, లాగిన్ లాంటివి మాత్రం ఒక్క టీముకే అప్పజెప్పాల. అది సరే, టెస్టర్లు ఎంతమంది?

నెల్లూరు_దేవ్: ఇద్దరన్నా. టీములు నాలుగంట.

చీమకుర్తి_సీనియర్: అయితే ఏం కలిపినట్టు అబ్బయా, ఆ ఇద్దరి దగ్గర మళ్ళీ నాలుగు టీములూ లైన్లో నిలబడతాయి. రెండు టీములే చెయ్యమని చెప్పు.