‘అనామకమై నశించు’ అన్నాడు కదా, మరి బానెట్ మీది ఈ గుండ్రాలేమిటి?

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక పద్యపాదం బుర్రలో తిరుగుతోంది, పూర్తిగా అందడం లేదు. ‘నీరము తప్తలోహమున నిలిచి’... ఆ తర్వాత ‘అనామకమై’ అని వస్తుంది. చిన్నప్పుడు మాస్టారు అప్పజెప్పించుకున్నదే.

గుర్తుకు తెచ్చింది మా నల్ల కారు. మిట్టమధ్యాహ్నం బోరు నీళ్లతో కడిగి, తుడవకుండా పైకి వెళ్లిపోయాను. సాయంత్రానికి బానెట్ నిండా తెల్లటి గుండ్రాలు. షాంపూకి లొంగలేదు. తెల్ల వెనిగర్‌లో అన్నే నీళ్లు కలిపి, నీడలో తడిగుడ్డ కాసేపు ఆనించి కడిగేస్తే తెలుపు పోయింది. గుండ్రం అంచు మాత్రం పెయింటులోనే ఉండిపోయింది, ఏటవాలుగా చూస్తే కనబడుతోంది. కాలిన లోహం మీద పడ్డ నీరు అనామకమై పోతుందన్నాడు కవి. ఇక్కడ పోలేదు. ‘అనామకం’ అంటే ఆనవాలు లేకపోవడమా, ఒట్టి పేరు లేకపోవడమా? అసలు ఈ గుర్తుకి తెలుగులో పేరేమిటి?

రాజమండ్రి నుంచి:
‘నిలిచి’ కాదండీ, ‘నిల్చి’. ఉత్పలమాల కదా, నాలుగో గణం ‘నిల్చి య’, భగణం. ‘నిలిచి య’ అన్నా మాత్రలు నాలుగే కాబట్టి చెవికి తప్పు దొరకదు. పాదంలో అక్షరం మాత్రం పెరిగిపోతుంది. పద్యం ఇదీ:

నీరము తప్తలోహమున నిల్చి యనామకమై నశించు నా
నీరమె ముత్యమట్లు నళినీదళసంస్థితమై తనర్చు నా
నీరమె శుక్తిలోఁ బడి మణిత్వము గాంచు సమంచితప్రభన్
బౌరుషవృత్తు లిట్లధము మధ్యము నుత్తముఁ గొల్చువారికిన్

కాలిన లోహం మీద నశించే నీరే తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది, ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుంది; అధముణ్ణి, మధ్యముణ్ణి, ఉత్తముణ్ణి కొలిచేవాళ్ల సంగతీ అంతేనని. భర్తృహరి సంస్కృత శ్లోకాన్ని ఏనుగు లక్ష్మణకవి కాక ఇంకెవరు తెనిగించగలరు ఇంత తేటగా! మా పెద్దాపురం వైపు వాడని చెప్పుకోవడం మాకెప్పుడూ గర్వమే.

గుంటూరు నుంచి:
భర్తృహరి మూలంలో ‘నామాపి న జ్ఞాయతే’ అని ఉంది, పేరు కూడా తెలియదని. మనం నామరూపాల్లేకుండా పోయిందంటాం. భర్తృహరి నామం ఒక్కటే తీశాడు, రూపం జోలికి పోలేదు. కాబట్టి మీ బానెట్ మీద రూపం మిగిలినా పద్యానికి వచ్చిన లోటేమీ లేదండీ.

వరంగల్ నుంచి:
అక్కా, ‘నామాపి’లో ‘అపి’ని వదిలేస్తే ఎట్లా? పేరు *కూడా* మిగలదంటే, రూపం అంతకు ముందే పోయిందనే కదా. పైగా మన కవి ‘నశించు’ అని తేల్చేసిండు.

గుంటూరు నుంచి:
‘నశించు’నే పట్టుకుందాం తమ్ముడూ. సంస్కృత ధాతువుల పట్టిక ధాతుపాఠంలో ‘ణశ అదర్శనే’ అని ఉంది. నశించడమంటే కంటికి కనబడకపోవడమే. కనబడకుండా పోయింది నీరు, నీటిలో కలిసి ఉన్నది కాదు.

విజయవాడ నుంచి (కార్ల పాలిషింగ్ పని):
గుంటూరు మేడం చెప్పిందే మా షెడ్డులో రోజూ చూస్తాం. నీరు ఆవిరైపోతుంది, అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు మిగులుతాయి. చుక్క ఆరేకొద్దీ సరుకంతా అంచుకి చేరుతుంది, అందుకే గుండ్రం. వేలితో తడిమి చూడండి సార్. గరుకుగా ఎత్తుగా తగిలితే పైన పేరుకున్నదే, దానికి వెనిగర్ చాలు. పల్లంగా ఉంటే క్లియర్ కోట్‌ని, అంటే రంగు మీది పారదర్శకమైన పొరని, తినేసినట్టు. గుంటని ఏ ఆమ్లమూ పూడ్చలేదు. చుట్టూ ఉన్న పొరని గుంట అడుగు దాకా అరగదీసి సమం చేయాల్సిందే. ఆ పొర చాలా కార్లకి 40–50 మైక్రాన్లే, అంటే వెంట్రుక మందం కన్నా తక్కువ. అందుకని ముందు మందం కొలిపించి, అరచేయంత చోట మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నరకం పాలిష్‌తో చూడండి. దానికీ పోకపోతేనే ముతక కాంపౌండ్. 2000, 3000 నంబరు నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) జోలికి ఆఖర్నే, అదీ చేయి తిరిగినవాళ్లే. గుంట క్లియర్ కోట్ దాటి రంగులోకి దిగితే మళ్లీ పెయింటే.

పద్యంలో రెండో పాదం మాకు బాగా తెలుసు సార్. వాక్స్ పూసిన కారు మీద నీళ్లు అచ్చం తామరాకు మీదలాగే ముత్యాలై నిలబడతాయి. చూసి మురిసిపోయి ఎండలో వదిలేస్తే ఒక్కో ముత్యం ఒక్కో గుండ్రం వేసి పోతుంది. వాక్స్ ఉన్నా తుడవాలి.

రాజమండ్రి నుంచి:
ఆహా! అంటే మీ బానెట్ ఏకకాలంలో తప్తలోహమూ, నళినీదళమూ. అధముడి కొలువూ మధ్యముడి కొలువూ ఒక్కచోటే.

హనుమకొండ నుంచి:
నాకు ‘నిల్చి’ మీదే అనుమానం. దోసె పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుయ్యిమని పోతాయి, నిల్చేదెక్కడ? పదో అక్షరం యతిస్థానం కాబట్టి ‘నీ’కి ‘ని’ కావాల్సి వచ్చి పెట్టుకున్నదే అది.

గుంటూరు నుంచి:
యతి కోసం కాదు. ‘సంస్థితస్య’, అంటే నిలిచి ఉన్న, అని మూలంలోనే ఉంది. పైగా పెనం బాగా కాలితే చుక్క వెంటనే ఆవిరి కాదు, గోళీలా నిలిచి అటూ ఇటూ పరుగెత్తి అప్పుడు పోతుంది. అడుగున ఆవిరి పొర ఏర్పడి చుక్కని పైకెత్తుతుంది. దోసెలు పోసేవాళ్లెవరైనా చూసిందే. ‘నిల్చి’ అక్షరాలా నిజం.

బెంగళూరు నుంచి:
ఈ శ్లోకం చివరి పాదానికి రెండు పాఠాలున్నాయి, అది ఎవరూ ఎత్తలేదు. ‘సంసర్గతో జాయతే’, సాంగత్యం వల్ల కలుగుతుందని, ఎక్కువమంది నోట వినబడేది. ‘అధమమధ్యమోత్తమజుషాం ఏవంవిధా వృత్తయః’, ఆ ముగ్గురిని కొలిచేవారి వృత్తులు ఇలాంటివని, ఇంకోటి. ‘వృత్తులు’, ‘కొల్చువారికిన్’ అన్న మాటల్ని బట్టి లక్ష్మణకవి ముందున్నది రెండోదే. సాంగత్యం వేరు, కొలువు వేరు. ఇంకొకటి, మూలంలోని స్వాతిని ఆయన వదిలేశారు. స్వాతి చినుకు పడితేనే కదా ముత్యం.

రాజమండ్రి నుంచి:
ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, చోటెక్కడిదండీ? ఇరుకంటే భర్తృహరినే తెనిగించిన ఎలకూచి బాలసరస్వతిది. ‘సురభిమల్లా నీతివాచస్పతీ’ మకుటమే 11 అక్షరాలు మింగేస్తుంది. శార్దూలమైతే నాలుగో పాదంలో ఆయనకి మిగిలేవి ఎనిమిది, మత్తేభమైతే తొమ్మిది. అంతలోనే శ్లోకం చివరి మాట చెప్పి ముగించాలి. అయినా నా ఓటు లక్ష్మణకవికే.

వరంగల్ నుంచి:
ఎనిమిది అక్షరాల్లో చెప్పినోడే గొప్పోడు సార్. భర్తృహరిని తెనిగించిన మూడో ఆయన, పుష్పగిరి తిమ్మనను అసలు తలవనే లేదు మీరు.

కడప నుంచి:
గుర్తుకి పేరడిగారు, అది వదిలేశారు. నా మాట ‘గార’. పళ్లకి పట్టేది గార, బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టేదీ గారే. ‘చారిక’ కుదరదు. చారిక పారిన నీటిది, కన్నీటి చారిక అంటాం. ఇది నిల్చిన నీటిది.

విజయవాడ నుంచి:
గార పైన పట్టేది కదా సార్. లోపలికి దిగినదాన్ని మేం ‘తినేసింది’ అంటాం.

గుంటూరు నుంచి:
అయితే ‘మచ్చ’. ఉతికితే పోయేది మరక, చర్మంలో ఉండిపోయేది మచ్చ. స్ఫోటకం మచ్చలు గుంటలే కదా. ‘నీటిమచ్చ’ అనండి.

ప్రశ్న అడిగినవారు:
వేలితో తడిమాను, పల్లంగానే ఉంది. ఆదివారం ఒక మూల పాలిష్ చేయిస్తున్నాను. ప్రస్తుతానికి ‘నీటిమచ్చ’ అని రాసుకున్నాను.

కడప నుంచి:
రాసుకోవద్దు. వెనిగర్‌కి కరిగిపోయిన ఆ తెల్లటిది మచ్చ ఎట్లయితాదన్నా? ముందు పట్టింది గారే. ‘గారమచ్చ’ అను, రెండూ వస్తాయి.

గుంటూరు నుంచి:
గార పోయాక కూడా ‘గారమచ్చ’ ఎలా అవుతుంది నాయనా?