లాగిన్ పేజీ టెస్టింగ్: హైడ్రా 16 పాస్‌వర్డ్‌లూ సరైనవే అంటోంది, ఎందుకు?

పోర్టురోడ్_టెస్టర్ అడిగింది:

వైజాగ్‌లో ఒక షిప్పింగ్ ఏజెన్సీ పోర్టల్‌కి లాగిన్ టెస్టింగ్ చేయాలి. లారావెల్ (పీహెచ్‌పీ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో కట్టింది, ముందు ఎన్జినెక్స్ (వెబ్ సర్వర్) ఉంది. స్టాఫ్, కస్టమర్లు కలిపి 600 అకౌంట్లు. యజమాని సంతకంతో అనుమతి పత్రం ఉంది, స్టేజింగ్ కాపీ (పరీక్షల కోసం అసలు సైటుకి నకలు) కూడా ఇచ్చారు. వాళ్లు తెలుసుకోవాలనుకున్నవి రెండు: లాగిన్ దగ్గర ఎన్నిసార్లు ప్రయత్నించినా ఊరుకుంటోందా, జనం పెట్టుకున్న పాస్‌వర్డ్‌లు ఎంత గట్టివి. టెస్ట్ అకౌంట్ మీద హైడ్రా (పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నించే టూల్) నడిపితే లిస్టులో మొదటి 16 పాస్‌వర్డ్‌లూ సరైనవేనని చూపిస్తోంది. అసలు పాస్‌వర్డ్ ఆ లిస్టులోనే లేదు. రాక్‌యూ లిస్టు (బయటపడ్డ పాస్‌వర్డ్‌ల పెద్ద జాబితా) మొత్తం ఇలా నడపడం సరైన దారేనా?

మధురవాడ_సెక్యూరిటీ:

ఆ 16 అంకెలోనే జవాబు ఉందండి. హైడ్రా డిఫాల్టుగా ఒకేసారి 16 ప్రయత్నాలు నడుపుతుంది. మీరిచ్చిన 'పాస్‌వర్డ్ తప్పు' వాక్యం జవాబు పేజీలో కనబడకపోతే లాగిన్ అయిపోయినట్టే లెక్కేస్తుంది. లారావెల్ ఫారంలో దాచిన సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం ఈ సైటు పేజీ నుంచే వచ్చిందని చూపే గుర్తు) ఉంటుంది, అది సెషన్‌కి ముడిపడి ఉంటుంది. హైడ్రా ఆ టోకెన్‌ని పేజీలోంచి తీసి పంపదు. దాంతో సర్వర్ 419 పేజీ (గడువు తీరిందనేది) ఇస్తుంది. అందులో మీ వాక్యం ఉండదు కదా, పదహారు ప్రయత్నాలూ ఒక్కసారే 'దొరికింది' అంటాయి.

పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీతో చిన్న స్క్రిప్టు రాసుకోండి. సెషన్ తెరిచి లాగిన్ పేజీ తెచ్చుకోవాలి, టోకెన్ తీయాలి, దాంతో పోస్ట్ చేయాలి. రీడైరెక్టుని ఫాలో అవ్వనివ్వకండి. ఒప్పుకీ తప్పుకీ 302యే (వేరే పేజీకి పొమ్మనే జవాబు) వస్తుంది, తేడా లొకేషన్ హెడర్‌లో ఉంటుంది: ఒకటి డ్యాష్‌బోర్డుకి, ఇంకొకటి మళ్లీ లాగిన్‌కి. తెలిసిన సరైన పాస్‌వర్డ్ ఒకటి, తెలిసిన తప్పు ఒకటి పంపి స్క్రిప్టు రెంటినీ విడదీస్తోందని రూఢి చేసుకున్నాకే మిగతాది.

ఇక అడ్డుకట్ట. లారావెల్ స్టార్టర్ కిట్లలో నిమిషానికి 5 తప్పులు, అదీ ఈమెయిల్, ఐపీ కలిపి లెక్క. ఆరోది 429 (ప్రయత్నాలు మరీ ఎక్కువయ్యాయనే కోడ్) కానీ, ఆగమనే సందేశం కానీ ఇవ్వాలి. ఆగాక ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో (అసలు ఐపీ ఏదో ప్రాక్సీ, అంటే మధ్యవర్తి సర్వర్, చెప్పే చోటు) ఏదో ఒక దొంగ ఐపీ పెట్టి మళ్లీ పంపండి. తలుపు తెరుచుకుందంటే అప్లికేషన్ ఏ ప్రాక్సీనైనా నమ్మేస్తోందన్నమాట. ఇది చాలా చోట్ల దొరికే లోపం, తప్పక చూడండి. ఆ తర్వాత ఒకే పాస్‌వర్డ్‌ని యాభై టెస్ట్ అకౌంట్ల మీద ఒక్కోసారి పంపండి. అకౌంట్‌వారీ లెక్క దీన్ని పట్టుకోలేదు.

గాజువాక_బ్యాకెండ్:

పై అన్న చెప్పింది మొదటి ప్రశ్నకి సరిపోతుంది. రెండో ప్రశ్నకి లాగిన్ పేజీ దగ్గర జవాబు దొరకదు. 2009లో బయటపడ్డ రాక్‌యూ లిస్టులో సుమారు 1 కోటి 43 లక్షల పాస్‌వర్డ్‌లున్నాయి. నిమిషానికి 5 చొప్పున ఒక్క అకౌంట్‌కే ఐదేళ్లు దాటుతుంది. జనం పాస్‌వర్డ్‌లు గట్టివో కావో హాష్‌ల (డేటాబేస్‌లో దాచే, వెనక్కి తిప్పలేని పాస్‌వర్డ్ రూపాల) మీదే చూడాలి. దానికి అనుమతి పత్రంలో హాష్ ఆడిట్ అని విడిగా రాయించుకోండి. లాగిన్ టెస్టింగ్‌కిచ్చిన అనుమతి డేటాబేస్‌కి వర్తించదు. అనుమతి దాటితే ఐటీ చట్టం 2000 సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకూ జైలు, 5 లక్షల వరకూ జరిమానా ఉన్నాయి.

బీక్రిప్ట్ (పాస్‌వర్డ్ హాష్ చేసే పద్ధతి) కాస్ట్ (ఎంత నెమ్మదిగా చేయాలో చెప్పే అంకె) 12 అయితే (లారావెల్ 11 నుంచి డిఫాల్టు అదే) ఒక్కో ప్రయత్నానికి పావు సెకను పడుతుందనుకోండి. సాల్ట్ (హాష్‌కి కలిపే యాదృచ్ఛిక ముక్క) ఒక్కొక్కరికీ వేరు కాబట్టి 600 అకౌంట్లు, 10,000 మాటలంటే 60 లక్షల లెక్కలు. ఎనిమిది కోర్ల మీద రెండు రోజుల పైన. అందుకే లిస్టు చిన్నదిగా, ఊరికి తగ్గట్టు ఉండాలి: వైజాగ్@123, స్టీల్‌ప్లాంట్, సింహాచలం, అప్పన్న, ఆర్‌కేబీచ్ లాంటివి ఇంగ్లిష్ అక్షరాల్లో, వాటి వెనక 0891, 530తో మొదలయ్యే పిన్‌కోడ్, పాత బండి నంబర్ల ఏపీ31, పుట్టిన సంవత్సరం. కంపెనీ పేరు, ఓడరేవు మాటలు కూడా చేర్చండి. నెట్ లేని మెషిన్ మీద హ్యాష్‌క్యాట్ (హాష్‌లు విరగ్గొట్టే టూల్) నడపండి. రిపోర్టులో ఎన్ని విరిగాయో చెప్పండి గానీ ఎవరిది ఏమిటో రాయొద్దు.

పోర్టురోడ్_టెస్టర్:

ధన్యవాదాలు ఇద్దరికీ. కొందరు కస్టమర్లు ఫోన్‌లో తెలుగులోనే పాస్‌వర్డ్ పెడుతున్నారట. దాన్నీ చూడాలా?

లాసన్స్‌బే_యూనికోడ్:

చూడాల్సిందే, దీన్ని ఎవరూ పట్టించుకోరు. 'విశాఖపట్నం' మన కంటికి ఐదక్షరాలు. లారావెల్ కనీస నిడివి నియమానికి అది పది, ఎందుకంటే గుడి, దీర్ఘం, సున్నా, పొల్లు అన్నీ విడివిడి కోడ్‌లు. బీక్రిప్ట్‌కి 30 బైట్లు. అంటే 8 అక్షరాల నియమాన్ని ఊరి పేరు ఒక్కటే దాటేస్తోంది.

గరిష్ఠ నిడివి దగ్గర ఇంకో చిక్కు. బీక్రిప్ట్ 72 బైట్ల తర్వాత ఉన్నది చూడదు. తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు కాబట్టి 24తో సరి. 26 కోడ్‌ల పాస్‌వర్డ్ పెట్టి, చివరిది మార్చి లాగిన్ అవ్వండి. అయ్యారంటే కోత పడుతున్నట్టే. 'వైజాగ్'లో ఐత్వం ఒక కోడ్‌గానూ రావచ్చు, రెండు కోడ్‌లుగానూ రావచ్చు. హాష్ చేసే ముందు ఎన్‌ఎఫ్‌సీ (రెండు రూపాల్నీ ఒకే కోడ్ రూపానికి తేవడం) చేయకపోతే తెరమీద ఒకేలా కనబడే పాస్‌వర్డ్ ఇంకో కీబోర్డు నుంచి కొడితే తప్పంటుంది.

ఇవన్నీ రిజిస్ట్రేషన్, పాస్‌వర్డ్ మార్పు, 'మర్చిపోయాను' మూడు చోట్లా విడిగా పరీక్షించండి. నియమం మొదటిదాంట్లోనే పెట్టి, రీసెట్ పేజీని వదిలేసిన పోర్టల్స్ ఎక్కువ.