‘ఇనాక్యువస్’ (innocuous) అనే ఇంగ్లీషు మాటను మామూలు వాక్యాల్లో ఎలా వాడాలి?

ప్రశ్న: నిఘంటువులో ఈ మాటకు ‘హాని చేయని, అభ్యంతరం లేని’ అని అర్థం ఇచ్చారు. మా బాస్ నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు అని చెప్పడానికి ‘మై బాస్ ఈజ్ ఇనాక్యువస్’ అనొచ్చా? నాలుగు మామూలు వాక్యాలు చెప్తే ఇంకా మంచిది.

జవాబు: వ్యాకరణం ప్రకారం తప్పు లేదండీ. కానీ ఆ వాక్యం మీ బాస్ గారు చదివితే సంతోషించరు. ఇంగ్లీషులో మనిషిని ఇనాక్యువస్ అంటే ‘ఆయనవల్ల నష్టమూ లేదు, లాభమూ లేదు, ఉన్నా లేనట్టే’ అనే ధ్వని వస్తుంది. మీరు అనుకున్న భావానికి జెంటిల్ చాలు, లేదా మైల్డ్ మ్యానర్డ్.

ఈ మాట మనుషులకంటే మాటలకు, ప్రశ్నలకు, జోకులకు, మెసేజ్‌లకు, పదార్థాలకు బాగా అతుకుతుంది. ఇనాక్యువస్ రిమార్క్, ఇనాక్యువస్ క్వశ్చన్, ఇనాక్యువస్ లుకింగ్ ఈమెయిల్ వంటివి తరచూ కనిపిస్తాయి. దీని ముందు ‘సీమింగ్లీ’ గానీ ‘అప్పేరెంట్లీ’ గానీ వచ్చి కూర్చోవడం కూడా గమనించండి. అంటే పైకి ఏమీ లేనట్టు కనిపించింది, తర్వాతే అసలు గొడవ మొదలైంది అని. ఏ గొడవా జరగనప్పుడు, ఎవరికీ ఏ అనుమానమూ లేనప్పుడు ఈ మాట అవసరమే పడదు. కుర్చీని ఎవరూ ఇనాక్యువస్ అనరు కదా. హాని ఉందేమో అన్న శంక ఎక్కడో ఒకచోట ఉంటేనే ‘హాని లేదు’ అని చెప్పాల్సి వస్తుంది.

ఉదాహరణకు పై అధికారి దగ్గర్నుంచి సాయంత్రం పూట ఒక మెసేజ్ వచ్చిందనుకోండి: ‘ఒక్క నిమిషం మాట్లాడాలి, ఫ్రీయేనా?’ అంతే. చదివినవాళ్లకు రాత్రంతా టెన్షన్. ఈ కథ చెప్పేవాళ్లు ‘ఇట్ బిగాన్ విత్ ఎ సీమింగ్లీ ఇనాక్యువస్ మెసేజ్’ అని మొదలుపెడతారు. అదే మెసేజ్ పంపిన అధికారిని నిలదీస్తే ‘ఇట్ వాజ్ ఎ పర్ఫెక్ట్లీ ఇనాక్యువస్ క్వశ్చన్’ అంటాడు, అందులో ఏముంది అన్నట్టు. మాట ఒక్కటే. కానీ ముందు సీమింగ్లీ వస్తే వేలెత్తి చూపడం, పర్ఫెక్ట్లీ వస్తే తనను తాను వెనకేసుకు రావడం. ఈ రెండు వాడుకలూ పట్టుబడితే మిగతావి అవే వస్తాయి.

మీరడిగిన మామూలు వాక్యాలు ఇవిగో. ‘ద జోక్ వాజ్ ఇనాక్యువస్, బట్ హి టుక్ అఫెన్స్’: జోకులో ఏమీ లేదు, ఆయనే నొచ్చుకున్నాడు. ‘దే టాక్డ్ అబౌట్ ఇనాక్యువస్ టాపిక్స్ లైక్ ద వెదర్’: గొడవకు తావులేని సంగతులు మాట్లాడుకున్నారు. ‘ద మష్రూమ్ లుక్స్ ఇనాక్యువస్, బట్ ఇట్ ఈజ్ పాయిజనస్’: చూపులకు ఏమీ చేయనట్టే ఉంటుంది గానీ ఆ పుట్టగొడుగు విషం. ఫుట్‌బాల్ వ్యాఖ్యానం వినేవాళ్లకు ఇంకొకటి తెలిసే ఉంటుంది, ‘ఇనాక్యువస్ చాలెంజ్’. పెద్దగా తగిలినట్టే కనిపించదు, ఆటగాడు మాత్రం మోకాలు పట్టుకుని కూలబడతాడు.

మరొకరు: హార్మ్‌లెస్ అంటే సరిపోదా? ఇంత పెద్ద మాట దేనికి?

జవాబు: మాట్లాడేటప్పుడు చాలాచోట్ల సరిపోతుంది, నేనూ అదే వాడతాను. విషం లేని పామును హార్మ్‌లెస్ అనడమే సహజం. పిల్లలతో మాట్లాడుతూ ఇనాక్యువస్ స్నేక్ అంటే నవ్వొస్తుంది. ఇనాక్యువస్ రాతలో, వార్తల్లో, కాస్త లాంఛనంగా మాట్లాడేచోట నప్పుతుంది. ఇన్నొసెంట్‌తో మాత్రం కలపకండి. ఇన్నొసెంట్ మనసును, ఉద్దేశాన్ని, నేరాన్ని చూస్తుంది. ఇనాక్యువస్ ఫలితాన్ని చూస్తుంది. కోర్టు నిర్దోషిగా వదిలేసిన మనిషి ఇన్నొసెంట్, ఇనాక్యువస్ కాదు. వైద్యంలో అయితే మాటలు ముందే స్థిరపడిపోయాయి: క్యాన్సర్ కాని గడ్డ బెనైన్, జబ్బేమీ లేకుండా గుండెలో వినిపించే అదనపు చప్పుడు ఇన్నొసెంట్ మర్మర్. అక్కడ మన ఇష్టానికి మార్చడం కుదరదు.

ఇనాక్యువస్‌కు సైన్సులో వేరే చోటు ఉంది. అలర్జీ గురించి చదివితే తప్పక తగులుతుంది: పుప్పొడి వంటి ఇనాక్యువస్ పదార్థాన్ని శరీరపు రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి దాడి చేస్తుంది, తుమ్ములు అందుకే. లిస్టీరియా అనే బ్యాక్టీరియాలో మోనోసైటోజెనెస్ జాతి మనుషులకు జబ్బు తెస్తుంది. దాని దగ్గరి బంధువు ఒకటి సాధారణంగా జబ్బు తేదు. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? లిస్టీరియా ఇనాక్యువా.

ఇంకొకరు: ఈ మాట ఎక్కడిది? ఇనాక్యులేషన్‌తో చుట్టరికం ఉందా?

జవాబు: లేదు. వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ వంశాలు వేరు. ఇనాక్యువస్‌కు మూలం లాటిన్‌లో ‘హాని చేయు’ అనే అర్థమున్న నోకేరే అనే క్రియ. ముందున్న ‘ఇన్’ మన ‘నిర్’ లాంటిది. నాక్షియస్, ఇన్నొసెంట్ ఈ వంశంవే. మనం రోజూ తెలుగులో వాడే న్యూసెన్స్ కూడా ఫ్రెంచి మీదుగా అక్కణ్ణుంచి వచ్చిందే. ఒకప్పుడు దాని అర్థం హాని, ఇప్పుడది చికాకు దగ్గర ఆగింది. ఉత్త మాత్ర ఇచ్చినా చెడు జరుగుతుందన్న భయంతోనే బాధలు కలిగితే నొసీబో అంటారు. 1961లో వాల్టర్ కెనడీ అనే వైద్యుడు పెట్టిన పేరది, దానికీ ఇదే క్రియ ఆధారం.

ఇనాక్యులేషన్ మూలం ఓక్యులస్, అంటే కన్ను. చెట్టు మొగ్గనూ కన్ను అనేవారు (మనమూ చెరకు కన్ను అంటాం కదా). ఒక చెట్టు కన్ను తెచ్చి ఇంకో చెట్టుకు అంటు కట్టడమే మొదట్లో ఇనాక్యులేషన్. టీకా అర్థం తర్వాత వచ్చింది. స్పెల్లింగ్‌లో తడబడేది కూడా ఇక్కడే: ఇనాక్యువస్‌లో ఎన్ రెండు, సి ఒకటే. ఇనాక్యులేట్‌లో ఎన్ కూడా ఒకటే.

ప్రశ్న అడిగినవారు: తెలుగులో దీనికి ఒకే మాట ఉందా?

జవాబు: నిరపాయకరం అని రాయొచ్చు. రసాయనాలకు, మందులకు అది చక్కగా నప్పుతుంది, మాటలకు నప్పదు. ‘నిరపాయకరమైన ప్రశ్న’ అని ఎవరంటారు? అలాంటిచోట నేనైతే ‘పైకి అమాయకంగా కనిపించే ప్రశ్న’ అంటాను. పర్ఫెక్ట్లీ ఇనాక్యువస్ అన్నచోట ‘అందులో తప్పు పట్టడానికేముంది?’ అని వాక్యమే తిప్పేస్తాను.

ప్రశ్న అడిగినవారు: పలికేటప్పుడు ఊనిక ఎక్కడ? దీని తర్వాత ఏ ప్రిపోజిషన్?

జవాబు: ‘నాక్’ దగ్గర ఒత్తి పలకాలి. ఇన్నోకువస్ అనకండి. హాని ఎవరికి లేదో చెప్పాలంటే ‘టు’ వాడాలి: ఇనాక్యువస్ టు హ్యూమన్స్. ముందు ఆర్టికల్ వస్తే ‘ఎ’ కాదు, ‘యాన్’.