72 ఏళ్లకి ఒక గ్లాసు వైన్: గ్లాసంటే ఎంత?

ప్రశ్న (పెద్దబ్బాయి)
నాన్నగారికి 72. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడతారు. ఆదివారం భోజనంతో ఒక గ్లాసు రెడ్ వైన్‌కి డాక్టరుగారు సరేనన్నారు. ఎంత పొయ్యాలి? మిగిలింది పాడవకుండా ఎలా?

కొలతబద్ద
గ్లాసుని నమ్మకండి. 12 శాతం వైన్ 150 మి.లీ.లో సుమారు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అమెరికా లెక్కలో అదే ఒక డ్రింక్. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి పాలు తగ్గి, అంతే వైన్ ఎక్కువ ఎక్కుతుంది. 100 మి.లీ. చాలు. 10 మి.లీ. దగ్గుమందు మూతతో పదిసార్లు నీళ్లు పోసి, అంతవరకు గ్లాసు బయట నెయిల్ పాలిష్‌తో గీత పెట్టండి. లేబుల్ మీద శాతం చూడండి. 20 శాతం పోర్ట్ (ఘాటైన తియ్యటి వైన్) అయితే 60 మి.లీ.కే ఆ 100 మి.లీ. లెక్క సరి.

మందుల కౌంటరు
ఇక్కడ చూడాల్సింది గ్లిమెపిరైడ్ అండీ. ఆల్కహాల్ ఉన్నంతసేపూ కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేయడం తగ్గిపోతుంది. మాత్రేమో షుగరు దించుతూనే ఉంటుంది. తాగిన కొన్ని గంటలకి, నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, తడబాటు చూసి ఇంట్లోవాళ్లు మత్తనుకుంటారు, అదే ప్రమాదం. ఖాళీ కడుపుతో వద్దు. పడుకునేముందు షుగరు చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. మూత్రపిండాలు బలహీనమైతే మెట్‌ఫార్మిన్‌తోనూ మద్యం మంచిది కాదు. గుండెకి మంచిదని మాత్రం మొదలుపెట్టకండి. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. రుచి కోసమైతే రుచి కోసమే.

సీసామూత
పాడుచేసేది గాలి. సీసా తెరవగానే సగం వైన్‌ని శుభ్రమైన చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. తెరిచిన సీసా మూడు నాలుగు రోజులు, ఈ చిన్నది దాదాపు వారం ఆగుతుంది. అరగంట ముందు బయటికి తీయండి, మన ఎండాకాలంలో పావుగంట చాలు. కారం కూరతో వగరు రెడ్ నాలుక మండిస్తుంది, ఆ పూట కూరలో కారం తగ్గించండి. తొందరేం లేదు, 100 మి.లీ. గంటసేపు రావాలి.

పెద్దబ్బాయి
థాంక్సండీ. రాత్రి ఆల్‌ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) కూడా వేసుకుంటారు, డాక్టరుగారికి చెప్పలేదు.

మందుల కౌంటరు
అయితే సీసా తెరవకండి. రెండూ కలిస్తే మగత పెరుగుతుంది, ఊపిరి మందగించవచ్చు, రాత్రి బాత్రూముకి లేచి పడిపోతారు. అలాగని మాత్ర మీరే ఆపకండి. ముందు డాక్టరుగారికి ఫోన్ చేయండి.