సుల్తానా? సుల్తానే!

రాత్రి అన్నాలయ్యాక అమ్మా నేనూ ఒక టర్కీ సీరియల్ చూస్తున్నాం. 2011లో మొదలైనదే, టర్కీని ఏలిన ఒట్టోమన్ వంశపు చక్రవర్తి సులేమాన్ అంతఃపురం కథ. అందులో ఆయన భార్యను అందరూ ‘హుర్రెం సుల్తాన్’ అంటారు. అలా అన్నప్పుడల్లా అమ్మ ‘ఆడమనిషిని పట్టుకుని సుల్తాన్ ఏమిటి, సుల్తానా అనాలి గదా’ అని దిద్దుతోంది. ఎవరు రైటు?

జవాబు: వాళ్ళే రైటండీ. టర్కిష్‌లో ఆడ, మగ అని లింగభేదమే లేదు. అతడు, ఆమె, అది... మూడింటికీ ‘ఓ’ ఒక్కటే. తేడా అంతా మాట ఎక్కడ కూర్చుంది అన్నదాన్లో ఉంది. మగవాళ్ళకి పేరుకు ముందు: సుల్తాన్ సులేమాన్. రాజవంశపు ఆడవాళ్ళకి పేరు వెనక: ఆయన కూతురు మిహ్రిమా సుల్తాన్. గద్దె మీదున్నవాడి తల్లి వాలిదే సుల్తాన్. వాలిదే అంటే మన హైదరాబాద్ ఉర్దూలో వాలిదా, అమ్మ. ఒట్టోమన్ ఆడవాళ్ళ పేర్లకు ‘సుల్తానా’ తగిలించింది యూరప్ వాళ్ళు.

ఇంకోటి. అరబీలో సుల్తాన్ అంటే మొదట అధికారం. ఆ తర్వాతే అది చేతిలో ఉన్న మనిషికి పేరయింది.

ఇంకొకరు: మరి మనం బళ్ళో చదివిన రజియా సుల్తానా?

జవాబు: ఆవిడ నాణేల మీద ఉన్నది సుల్తాన్ అనే. అప్పటి చరిత్రకారుడు మిన్హాజ్ కూడా సుల్తాన్ రజియా అనే రాశాడు. సుల్తానా అంటే ‘సుల్తాన్‌గారి భార్య’ అని కూడా వస్తుంది. ఆవిడ భార్య హోదాలో కాదు, ఇల్తుత్‌మిష్ కూతురిగా గద్దెనెక్కి 1236 నుంచి 1240 దాకా ఢిల్లీని ఏలింది. పైగా తెలుగులో ఇంకో చిక్కుంది, చివర దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది. ‘రజియా సుల్తానా?’ అని ఎవరైనా అడిగితే ‘సుల్తానే’ అని చెప్పాలి మరి.

ఇంకొకరు: మన రుద్రమ మాత్రం తక్కువా? శాసనాల్లో ఏకంగా రుద్రదేవ మహారాజు.

ఇంకొకరు: హైదరాబాద్ వాళ్ళం, మా వాటా మేం చెప్పకపోతే ఎలా. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఏడో నిజాం మొదటి ఇద్దరు కొడుకులకీ ఒట్టోమన్ ఆడపిల్లలతో పెళ్ళిళ్ళయ్యాయి. పెద్దకోడలు ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు, కాబట్టి దుర్రుషెహ్వార్ సుల్తాన్. చిన్నకోడలికి ఆ వంశం తల్లి వైపు నుంచి వచ్చింది. అందుకని ఉత్త సుల్తాన్ కాదు, నీలోఫర్ హానమ్‌సుల్తాన్. హానమ్ అంటే మన ఖానమే. తోడికోడళ్ళిద్దరిలో ఎవరిది తండ్రి వైపో, ఎవరిది తల్లి వైపో పేరు తోక చూసి చెప్పెయ్యొచ్చు! నీలోఫర్ ఆసుపత్రికి రోజూ వేలమంది వెళ్తారు, ఆ తోక సంగతి బోర్డు మీద ఉండదుగా.

మొదట అడిగిన నేనే: అందరికీ థాంక్సండీ. అమ్మది ఇంకో ప్రశ్న. సులేమాన్‌కి హుర్రెం కన్నా ముందున్న మాహిదెవ్రాన్‌ని కూడా సీరియల్లో సుల్తాన్ అనే అంటున్నారుగా?

జవాబు: అది సీరియల్ వాళ్ళ దయ. అసలు రికార్డుల్లో ఆవిడ మాహిదెవ్రాన్ హాతూన్. మనవైపు ముస్లిం ఆడవాళ్ళ పేర్లలో వినపడే ఖాతూన్ ఇదే. రాజకుమారుడు ముస్తఫాను కన్న తల్లయినా ఆ తోక దక్కలేదు. హుర్రెం కోసం సులేమాన్ ‘హసెకి’ అని కొత్త హోదానే పుట్టించాడు, ఆనవాయితీ పక్కనబెట్టి పెళ్ళీ చేసుకున్నాడు.

మొదట అడిగిన నేనే: అమ్మ మొదట్నించీ మాహిదెవ్రాన్ పార్టీ. ఇది ఆవిడకి సీరియల్ అయ్యాకే చెప్తాను.